కుడి అంచున మనిషి

ఆ వేసవంతా నేను ప్రతి ఆదివారం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు పంటినొప్పి లేదు.

అది మా అబ్బాయి నేర్పిన అబద్ధం. "ఎవరైనా అడిగితే పంటికి చూపించుకుంటున్నానని చెప్పు. పాపని ఎక్కడికి తీసుకెళ్తున్నావో ఊరంతా టాంటాం వెయ్యక్కర్లేదు" అన్నాడు. సరేనన్నాను. కింద వాటాలో ఉండే టైలరు మాత్రం మేం మెట్లు దిగుతుంటే కుట్టుమిషను ఆపి మరీ అడిగేవాడు.

"ఇంకా ఎన్ని మిగిలాయి పెద్దమ్మా?"

"ఏవి నాయనా?"

"పళ్ళు. ఇన్ని ఆదివారాలు వైద్యం చేయిస్తే మొసలికైనా ఈపాటికి బోసినోరు వచ్చేది."

నిజానికి నేను పాపని వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. మా అబ్బాయికీ కోడలికీ విడాకులై ఏడాది దాటింది. తప్పెవరిదని అడిగితే ఇద్దరూ చెరో సగం చెబుతారు. ఆ రెండు సగాలూ అతికించినా ఒకటి అవదు. పాప మా దగ్గర ఉండాలని, ఆదివారం మధ్యాహ్నాలు తల్లితో గడపాలని వకీళ్ళు కుదిర్చారు. కోడలు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని చేస్తుంది. ఆడవాళ్ళ హాస్టల్లో ఉంటుంది. అక్కడ పిల్లల్ని పైకి రానివ్వరు. అందుకని ఆ వీధి మొదట్లో, పళ్ళ డాక్టరు ఉండే మేడ మెట్ల దగ్గర కలుసుకునేవాళ్ళం. పాప చెయ్యి ఆమె చేతిలో పెట్టి, సాయంత్రం మళ్ళీ పుచ్చుకునేదాన్ని. మా అబ్బాయి అక్కడికి రాడు, ఆమె మా ఇంటికి రాదు. మధ్యలో నేను.

ఆ మధ్యాహ్నం గడవాలి కదా. ఇంటికెళ్ళి మళ్ళీ రావడమంటే ఎండలో పడి బస్సులు మారాలి. మెట్ల మీద కూర్చుని లైబ్రరీ పుస్తకం తీసేదాన్ని. నేను బడికెళ్ళి చదువుకోలేదు. పొట్లాల కాగితాల మీదా బస్సు బోర్డుల మీదా అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. చదువుతుంటే ఇప్పటికీ పెదవులు కదులుతాయి. కాని ఆ మెట్ల మీద ఒక్క పేజీ సాగేది కాదు. పాప రోడ్డుకి అడ్డంగా పరిగెడుతుందేమో, కోడలు దాన్ని తీసుకుని ఏ ఊరో వెళ్ళిపోతుందేమో. ఈ రెండోది మా అబ్బాయి నా బుర్రలో వేసిన పురుగు. నాకు ఒకరు పురుగులు వేయనక్కర్లేదు, వాటంతటవే పుడతాయి. గుమ్మంలో నిలబడి చాలామందిని పంపిన మనిషిని. అక్కని పంపాను, ఆయన్ని పంపాను, పెట్టె పట్టుకుని దిగిపోతున్న కోడల్నీ పంపాను. ప్రతిసారీ లోపలికొచ్చి గ్యాసు కట్టేశానో లేదో చూసుకున్నాను. అంతకన్నా చెయ్యగలిగింది ఏముంటుందో నాకు తోచేది కాదు.

ఒక ఆదివారం పైనుంచి ఒకాయన దిగివచ్చి నా ముందు నిలబడ్డాడు.

"పిన్నిగారూ, మెట్లు కాలిపోతున్నాయి. పైన ఫ్యానుంది, రండి."

"నాకు నొప్పేం లేదు బాబూ."

"మాకూ లేదు. ఆదివారం మేం పళ్ళు ముట్టుకోం."

ఆయనే పళ్ళ డాక్టరు. పైన ఆయన పేషెంట్లు కూర్చునే గది. గోడవారన ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద ప్లాస్టరుతో చేసిన దవడ, గదంతా లవంగనూనె వాసన. కిటికీ ఊచకీ బీరువా పిడికీ మధ్య తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫొటోలు తగిలించారు. లిఫ్టులు బాగుచేసే ఒకతను ఉన్నాడు, అందరూ అతన్ని 'లిఫ్టు' అనే పిలుస్తారు. లెక్కల టీచరు ఒకావిడ ఉంది. ఇంకా ఒకరిద్దరు వస్తూ పోతూ ఉంటారు. ఎవరికీ ఫొటోలు తీయడం వృత్తి కాదు. వారమంతా తీసినవాటిలోంచి ఒకటి పట్టుకొచ్చి, ఒకరిది ఒకరు చూసి మంచీచెడ్డా చెప్పుకుంటారు.

"ఇక్కడ రోజూ నోరు తెరవమంటాను. ఆదివారం మాత్రం ఫొటో ఎవరిదో వాళ్ళు నోరు మూసుకోవాలి" అన్నాడు డాక్టరు.

అదే వాళ్ళ నియమం. ఫొటో తాడు మీదికి ఎక్కాక తీసినవాళ్ళు పలకకూడదు. మిగిలినవాళ్ళు ముందు ఏం కనిపిస్తోందో చెప్పాలి, తరవాత అందులో ఏది నిలిచిందో, ఆఖర్న ఏది మారిస్తే మేలో. అందరూ చెప్పడం అయ్యాక తీసినవాళ్ళు ఒకే ఒక్క ప్రశ్న అడగొచ్చు. సమర్థించుకోకూడదు.

"మీ ఫొటో వెళ్ళిన ప్రతిచోటికీ మీరూ వెళ్ళి, పక్కన నిలబడి కథ చెప్పలేరు కదా" అంది టీచరు.

ఇంకోటి. ఫొటో చూసి 'బాగుంది' అని ఊరుకున్నవాళ్ళు ఆ పూట టీ గ్లాసులు కడగాలి. మొదటిరోజు గ్లాసులన్నీ నేనే కడిగాను.

మా అబ్బాయి వాడి వదిలేసిన ఫోను నా దగ్గరుంది, అద్దం ఒక మూల పగిలింది. దాంతోనే మొదలుపెట్టాను. డాక్టరు తన దగ్గరున్న మిషనులో కాగితం మీదికి తీసి ఇచ్చేవాడు. నా మొదటి ఫొటో ఒక బస్‌స్టాపు.

"ఖాళీ బెంచీ కనిపిస్తోంది. ఇప్పుడే బస్సు వెళ్ళిపోయినట్టుంది" అన్నాడు లిఫ్టు.

"సగం ఆకాశమే ఉంది. అటు చివర ఇద్దరు మనుషులున్నారు, చీమల్లా" అంది టీచరు.

"బెంచీ నీడ నిలిచింది" అన్నాడు డాక్టరు, నా మొహం చూసి జాలిపడి.

"ఏం మార్చాలో నేను చెప్తా" అన్నాడు లిఫ్టు. "పిన్నిగారూ, ఇది కరుస్తుందేమోనని దూరంగా నిలబడి తీసిన ఫొటో. నేను లిఫ్టు గోతిలోకి దిగి పనిచేస్తాను. పైన నిలబడి చూస్తుంటే బోల్టు బిగుసుకోదు. దగ్గరికెళ్ళండి."

నా ఒక్క ప్రశ్న అడిగాను. "ఎంత దగ్గరికి?"

"వాళ్ళు మిమ్మల్ని తిట్టేంత."

ఆ వారం టైలరు చేతులు ఫొటో తీశాను. "సూది విరుగుతుంది, జరుగు పెద్దమ్మా!" అని కసిరాడు. దూరం సరిగ్గానే ఉందన్నమాట. ఆ ఫొటోకి లిఫ్టు ఒక నిమిషం ఏమీ అనకుండా ఊరుకున్నాడు. నాకు ఆ ఊరుకోవడం ఎంత తీపిగా ఉందో చెప్పలేను. వారమంతా దాన్ని చప్పరించాను.

ఎండలు ముదిరేసరికి ఇంట్లో కొత్త సంబంధం మాట మొదలైంది. మా అబ్బాయి గోదాములో సూపర్‌వైజరు. ఆ సంబంధం పిల్ల అదే గోదాము ఆఫీసులో పనిచేస్తుంది. మంచి పిల్లే. ఒకసారి ఇంటికొచ్చి పాపకి రంగు పెన్సిళ్ళిచ్చి, నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలిచి వెళ్ళింది. పెత్తనమంతా వాళ్ళ అన్నగారిది. ఒక పిల్లకి ఇద్దరమ్మలు కుదరదు, అన్నది ఆయన మాట. ఆ మాట మా అబ్బాయి నోట్లోకి ఎప్పుడు దూరిందో నేను గమనించలేదు. ఒకరోజు అన్నం తింటూ తలెత్తకుండా అన్నాడు.

"ఈ వేసవితో ఆదివారాలు ఆపేద్దామమ్మా. బడి తెరిచేసరికి దానికీ అలవాటవుతుంది. అన్నీ శుభ్రంగా ఉంటాయి."

"వకీళ్ళు రాసింది?"

"ఆవిడ మళ్ళీ కోర్టు మెట్లెక్కదు. అంత ఓపిక లేదు ఆవిడకి."

ఒకప్పుడు పేరు పెట్టి పిలిచి, పేరులో సగం మింగి మరీ గారాబంగా పిలిచిన మనిషిని 'ఆవిడ' అంటున్నాడు. లేచి వెళ్ళి గ్యాసు చూసుకున్నాను. కట్టేసే ఉంది.

తరవాతి ఆదివారం తాడు మీద తగిలించిన ఫొటో మేడ మెట్ల మలుపులో తీసింది. నా చేతులు వణుకుతాయి కనుక నేను వేసే జడ పాపకి ఎప్పుడూ వంకరే. కలవగానే తల్లి చేసే మొదటి పని దాన్ని విప్పి మళ్ళీ అల్లడం. ఆ రోజు పాప మెట్టు మీద కూర్చుని పుల్ల ఐసు చప్పరిస్తోంది. కిటికీ జాలీలోంచి ఎండ గళ్ళుగళ్ళుగా దాని మొహం మీద పడింది. తల్లి పక్కనుంచి జడ లాగుతుంటే తల అటు వంచి నవ్వుతోంది. దగ్గరికెళ్ళి తీశాను. పాప మొత్తం పడింది. కోడలు కుడి అంచున సగమే పడింది. రెండు చేతులు, పళ్ళమధ్య బిగబట్టిన పిన్నులు, ఒక కన్ను.

"మెట్ల మీద పాప కనిపిస్తోంది" అని మొదలుపెట్టాడు లిఫ్టు. "ఐసు కారి మోచేతిదాకా వచ్చింది. అది కూడా తెలీనంత హాయిగా ఉంది."

"వెలుతురు నిలిచింది" అన్నాడు డాక్టరు. "ఆ గళ్ళ కోసం నేను ఎన్నిసార్లు ఆ మెట్ల మీద పడిగాపులు పడ్డానో. నాకు దొరకలేదు."

టీచరు లేచి దగ్గరికొచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చూసింది.

"కుడివైపు ఇబ్బందిగా ఉంది. సగం మొహం. నా చూపు అటే పోతోంది, పాప మీద నిలవడం లేదు. అక్కడ కోసేస్తే సరి."

ఆవిడ సంచిలో రెండు నల్ల అట్టముక్కలుంటాయి, వడ్రంగి మూలమట్టంలా ఎల్ ఆకారంలో కత్తిరించినవి. ఫొటో మీద వాటిని అటూ ఇటూ జరిపి, ఎక్కడికి కోస్తే ఎలా ఉంటుందో చూపిస్తుంది. వాటిని పెట్టి కుడివైపుది లోపలికి జరిపింది. కోడలి కన్ను పోయింది. పిన్నులు పోయాయి.

"చేతులు మిగిలాయి టీచరుగారూ. దయ్యం జడేస్తున్నట్టుంది" అన్నాడు లిఫ్టు.

"వాటినీ తీసేద్దాం."

అట్ట ఇంకొంచెం జరిగింది. నల్లచట్రంలో పాప ఒక్కతే మిగిలింది.

"ఇప్పుడు చూడండి" అంది టీచరు. "శుభ్రంగా ఉంది."

డాక్టరు అవునన్నట్టు తలూపాడు.

వాళ్ళకేం తెలుసు? ఫొటోలో ఉన్నదెవరో నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. వాళ్ళు నా మంచికే చెబుతున్నారు. వాళ్ళవల్లనే నాకు దగ్గరికెళ్ళడం వచ్చింది. కాని అన్నం ముందు కూర్చుని మా అబ్బాయి ఏ మాటన్నాడో ఈ మంచివాళ్ళూ ఆ మాటే అంటున్నారు. శుభ్రంగా ఉంటుందట.

లేచాను. వెళ్ళి టీచరు చేతికిందనుంచి ఆ అట్టముక్క లాగేశాను.

"పిన్నిగారూ, మీరు మాట్లాడకూడదు" అన్నాడు డాక్టరు.

"మాట్లాడలేదుగా."

"ఇది మాట్లాడ్డంకన్నా పెద్ద నేరం" అని లిఫ్టు నవ్వాడు.

"అయితే నా ఒక్క ప్రశ్నా ఇప్పుడే అడిగేస్తాను" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ అమ్మాయిని తీసేస్తే, పాప తల ఎందుకు వంగినట్టు?"

లిఫ్టు లేచొచ్చి నా చేతిలోని అట్ట తీసుకుని ఫొటో మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నిజమే. అట్ట పెడితే మెడ పట్టేసిన పిల్లలా ఉంది."

టీచరు అంత తేలిగ్గా దిగివచ్చే మనిషి కాదు. "తల సంగతి ఒప్పుకుంటాను" అంది. "కాని సగం మనిషి సగం మనిషే. ఈవిడని గుమ్మంలో నిలబెట్టేశారు మీరు. రమ్మన్నట్టూ లేదు, పొమ్మన్నట్టూ లేదు. తీసేయడం ఇష్టం లేకపోతే పూర్తిగా పెట్టండి. ఒక్క అడుగు కుడికి జరిగుంటే మొత్తం పడేది. ఎందుకు జరగలేదు?"

నా ప్రశ్న అయిపోయింది కనుక నేను జవాబు చెప్పనక్కర్లేదు. మంచిదయింది. జవాబు నాకు తెలుసు, పైకి చెప్పేది మాత్రం కాదు. ఆమె పూర్తిగా పడితే ఇంట్లో ఎవరైనా చూస్తారని భయం. నా వేలు ఆ భయంతోనే నొక్కింది.

ఆ మరుసటి ఆదివారం మెట్ల మలుపులో కోడలు జడ విప్పుతుండగా ఒక అడుగు కుడికి జరిగాను.

"అత్తయ్యా, నేను పడతాను."

"పడాలనే."

"వద్దత్తయ్యా. ఆయన చూశారంటే ఆదివారాలు ఆపేస్తారు."

"వాడు ఎలాగూ ఆపుతానంటున్నాడు."

అలా చెప్పాలని కాదు. నోరు జారింది. జడలో ఆమె చేతులు ఆగిపోయాయి. పాపని కింద ఐసు బండి దగ్గరికి పంపి, సంబంధం సంగతి, అన్నగారి సంగతి అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు. పళ్ళమధ్య పిన్నులు తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"పెళ్ళి చేసుకోనివ్వండి. నేనేం అడ్డురాను. దాన్ని చూడనివ్వమనండి, అంతే. మీరు చెప్తే..."

"నేను చెప్తే వినే వయసు దాటిపోయాడు."

"మరి నన్ను ఫొటో తీయడం దేనికి? రేపట్నించి చూసుకోడానికా?"

ఆ మాట నాకు సూదిలా దిగింది. పోయినవాళ్ళ ఫొటోలు మా ఇంట్లో గోడనిండా ఉన్నాయి. ఇంకొకటి చేర్చడానికి రాలేదు నేను.

"చూడు" అన్నాను. "విడాకులు మీ ఇద్దరికీ ఇచ్చారు. నీకూ నాకూ ఎవరిచ్చారు? ఏ జడ్జీ అయినా నన్ను పిలిచి, ఈవిడ ఇక నీ కోడలు కాదమ్మా అన్నాడా? నేను సంతకం పెట్టానా? పిన్నులు నోట్లో పెట్టుకో, తలెత్తు."

"ఛీ, పిన్నులతోనా! బాగోదు."

"బాగుందంటే గ్లాసులు కడగాలి. పెట్టుకో."

ఆమెకి ఆ మాట అర్థం కాలేదు, కాని నవ్వింది. పాప ఐసుతో పైకొచ్చి రెండు నవ్వుల మధ్యా కూర్చుంది. "అమ్మా, కదలకు! నాన్నమ్మ చెయ్యి ఎలాగూ కదుల్తుంది" అంది. అప్పుడు తీశాను.

తాడు మీద ఆ ఫొటో చూసి లిఫ్టు ఏమీ అనలేదు. టీచరు అట్టముక్కలు బయటికి తీసి, నాలుగువైపులా పెట్టి చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది.

"ఎక్కడా కొయ్యలేను" అంది. "పైన గోడ మాత్రం ఎక్కువైంది. అదొకటి చూసుకోండి ఈసారి."

వేసవి చివర వాళ్ళు తలా ఒక ఫొటో అదే గదిలో గోడకి తగిలిస్తారు, వానలు పడేదాకా ఉంచుతారు. "వచ్చే పేషెంట్లు చూస్తారు. నొప్పిలో ఉన్నవాళ్ళు మొహమాటానికి మెచ్చుకోరు" అంటాడు డాక్టరు. నాది చేతిలోకి తీసుకుని అడిగాడు.

"ఇందులో ఉన్నవాళ్ళు ఒప్పుకున్నారా పిన్నిగారూ?"

"అడిగాను. పెద్దది ఆలోచించి సరే అంది. చిన్నది తన పక్కన ఐసు బండి ఫొటో కూడా పెట్టమంది."

తగిలించాడు. సరిగ్గా తలుపుకి ఎదురుగా.

లోకంలో ఇంతమంది పళ్ళ డాక్టర్లుండగా, ఆ అన్నగారి దవడపన్ను ఆ వారమే, ఆ గదిలోనే ఊడాలని రాసిపెట్టి ఉంది.

మా అబ్బాయి సాయంత్రం చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది? పన్ను పీకించుకున్న మనిషి, ఫొటోలో పాపని గుర్తుపట్టి, దవడ మొద్దుబారి మాట రాకపోయినా ఫోను చేసి మరీ అడిగాడు. మీ పాత సంసారం అక్కడ గోడకి వేలాడుతోందేమిటి అని!"

"సంసారం కాదు. జడ."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదు" అన్నాను. నిజంగానే లేదు. పాలు పొంగబోతుంటే కట్టేశాను.

"పళ్ళ డాక్టరని చెప్పమంటే నిజంగానే వెళ్ళి పళ్ళ డాక్టరు దగ్గర చేరావు! అది తీయించు. లేదా ఆవిడని కోసేసి పాపని ఒక్కదాన్నే పెట్టుకో. పాప ఉంటే నాకేం అభ్యంతరం లేదు."

"కోస్తే మెడ పట్టినట్టుంటుంది."

"ఏమిటి?"

"ఏం లేదు. తియ్యను, కొయ్యను."

వాడు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"అయితే ఆదివారాలు ఈ వారంనుంచే బంద్."

"నేను తీసుకెళ్తాను."

"అది నా కూతురు!"

"కాదన్నానా? నీ కూతురే. ఆ వయసులో నన్ను నీ పక్కనుంచి జానెడు జరిపితే వీధి వీధంతా లేచేలా ఏడ్చేవాడివి. మీ నాన్న దొడ్డివైపునుంచి నన్ను దొంగలా బజారుకి పంపేవాడు. నీకు అలవాటు కాలేదు, దానికి మాత్రం బడి తెరిచేసరికి అలవాటైపోతుందా? నువ్వు పెళ్ళి చేసుకో. ఆ పిల్ల మంచిది, నేను చేతులారా దీవిస్తాను. ఆదివారం జోలికి మాత్రం రాకు."

"వాళ్ళు ఒప్పుకోరమ్మా. నీకు అర్థం కావడం లేదు." ఈసారి గొంతు తగ్గింది. "నాకూ ఒక ఇల్లు కావాలి."

అది విని నా మనసు కరిగింది. కరగలేదని అబద్ధం చెప్పను. వాడు ఏడాదిగా ఒక్కడే కూర్చుని తింటున్నాడు, నాకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. వాడు విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. గది మూల పాప నేల మీద బోర్లా పడుకుని ఎర్ర పెన్సిలు ముక్కు విరిగేదాకా నొక్కుతోంది.

"నాన్నమ్మా, అమ్మని ఎవరు కోస్తారు?"

"ఎవరూ కొయ్యరు. కత్తెర నా దగ్గరుంది."

ఆదివారం పొద్దున్నే మా అబ్బాయి స్కూటరు తీసి ఎటో వెళ్ళాడు. మధ్యాహ్నం బయల్దేరబోతే పాప చెప్పులు గుమ్మం దగ్గర లేవు. మంచం కింద లేవు, బాల్కనీలో లేవు. బడి బూట్లు తీస్తే, సెలవుల్లో పాదం పెరిగిపోయి మడమ దూరలేదు. అప్పుడు తెలిసింది. వాడు తలుపుకి తాళం వెయ్యలేదు, నాతో మళ్ళీ పోట్లాడలేదు. చెప్పులు పట్టుకుపోయాడు. నీడకి కూడా చెమట పట్టే ఆ ఎండలో, గ్లాసు కిందపడితేనే ఉలిక్కిపడే తన తల్లి పసిదాన్ని ఒట్టికాళ్ళతో నడిపించదని వాడికి తెలుసు.

నడిపించలేదు. నా చెప్పులు దానికి తొడిగి, జారిపోకుండా రిబ్బను ముక్కతో మడమకి చుట్టి కట్టాను.

"మరి నీకు?"

"నా పాదాలు పాతవి. గట్టివి."

కింద టైలరు మిషను ఆపాడు. ముందు పాప కాళ్ళు చూశాడు, తరవాత నావి.

"పెద్దమ్మా, ఇదేం అవతారం?"

"పంటికి కాదు నాయనా" అన్నాను. "మనవరాల్ని వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇన్నాళ్ళూ అక్కడికే."

"అది వీధంతా తెలుసు పెద్దమ్మా. మీ అబ్బాయికి తప్ప అందరికీ తెలుసు, అందరికీ తెలుసని." చెప్పులు విప్పి నా ముందుకు తోశాడు. "ఇవి వేసుకెళ్ళు."

అవి నా పాదాలకి రెండింతలున్నాయి. జారిపడితే తుంటి విరుగుతుంది, మంచాన పడతాను, పాపని తీసుకెళ్ళేవాళ్ళుండరు. ఇన్నీ ఒక్క క్షణంలో ఆలోచించి, వద్దన్నాను.

వీధిలో నీడలు సన్నగా గోడలకి అంటుకుని ఉన్నాయి. నీడనుంచి నీడకి నడిచాం. నీడ లేనిచోట పరుగులాంటిది పెట్టాను. పాప వెనకాల నా చెప్పులు టపాటపా కొట్టుకుంటూ వస్తోంది. దానికది పెద్ద ఆట. పెద్దరోడ్డు తారు దగ్గరికొచ్చేసరికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్‌స్టాపు బెంచీ మీద కూలబడి, పాదాలు ఎత్తి పట్టుకున్నాను.

స్కూటరు వచ్చి మా ముందే ఆగింది. మా అబ్బాయి హెల్మెట్ తియ్యలేదు. పాప కాళ్ళకి కట్టిన రిబ్బన్లు చూశాడు, బెంచీ మీద నన్ను చూశాడు. సీటు ఎత్తి, కింద పెట్టెలోంచి పాప చెప్పులు తీసి దాని ముందు పెట్టాడు.

"వేసుకో. అమ్మా, నువ్వు నీవి వేసుకో. ఎక్కండి, ఇంటికెళ్దాం."

"బండి అటు తిప్పితే ఎక్కుతాను" అని పళ్ళ డాక్టరు వీధివైపు చూపించాను.

వాడు తిప్పలేదు. బస్సు వచ్చింది. పాప తన చెప్పులు తొడుక్కుంది. నావి చేత్తో పట్టుకుని, దాన్ని ముందు ఎక్కించి, ఒక ఒట్టికాలు మెట్టు మీద పెట్టాను.

"అమ్మా, నువ్వు గనక ఈ బస్సెక్కితే..." అన్నాడు వెనకనుంచి.

నా జీవితంలో ఇలాంటి మాటలు పూర్తయ్యేదాకా నేనెప్పుడూ నిలబడలేదు. మిగతా సగం వినాల్సి వస్తుందని ముందే లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి కమ్మీ పట్టుకుని వాడివైపు తిరిగాను.

"ఎక్కితే?"

"ఎక్కితే టిక్కెట్టు తీసుకోవాలి" అన్నాడు కండక్టరు. "త్వరగా కానివ్వమ్మా, ఎండ మండిపోతోంది."

బస్సులో ఎవరో నవ్వారు. మా అబ్బాయి నవ్వలేదు. హెల్మెట్ తీశాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి, మొహం చిన్నపిల్లాడిలా ఉంది. ఏదో అనబోయి నా పాదాలవైపు చూశాడు.

"ఎన్నింటికొస్తారు?" అన్నాడు చివరికి.

"పొద్దు గూకేసరికి. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టు."

విజిల్ మోగింది. వాడు స్కూటరు పక్కన, చేతిలో హెల్మెట్‌తో నిలబడి ఉన్నాడు. బస్సులో నిలబడి చూస్తే మనుషులు అంత చిన్నగా, అంత త్వరగా వెనక్కి పోతారని నాకు ఆ రోజే తెలిసింది. పాప కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపబోతే లోపలికి లాగాను. ఎదురుగా లారీలు వస్తుంటాయి.

సీటులో కూర్చుని కాళ్ళు కొంచెం పైకి ఎత్తుకున్నాను. అరికాళ్ళు నిప్పులు తొక్కినట్టున్నాయి. పాప వంగి చూసింది.

"ఎర్రగా అయిపోయాయి నాన్నమ్మా. నొప్పిగా ఉందా?"

"ఊఁ. బాగా."

"మరి దిగిపోదామా?"

"దిగడమెందుకే" అన్నాను. "ఇప్పుడేగా ఎక్కాం."